జల్లెడ చేతులు మారిన కథ

చర్చలు పెరిగిపోయాయి, చదివే తీరిక ఎవరికీ లేదు, కాబట్టి చదివే పని యంత్రానికి అప్పగిద్దాం అనే మాట ఈ రెండు మూడేళ్లుగా తరచుగా వినిపిస్తోంది. ఇంటర్నెట్ చర్చావేదికల మీద వందలమంది రోజుల తరబడి వాదించుకున్నదాన్ని కృత్రిమ మేధ క్షణాల్లో చదివి పది వాక్యాల్లో సారాంశం చెబుతుంది. ఏది చదవదగిందో ఏది కాదో వడకట్టి మన ముందు పెడుతుంది. 2024 డిసెంబరులో అమెరికన్ సంస్థ రెడ్డిట్ తన వేదిక మీది చర్చలను ఇలా క్రోడీకరించి జవాబులిచ్చే ఏర్పాటు మొదలుపెట్టింది. మన సాహిత్య బృందాల్లో కూడా "అంత పొడుగు చర్చ ఎవరు చదువుతారు, సారాంశం తీయించి పెట్టండి" అనేవాళ్లు తయారయ్యారు.

దీన్ని స్వాగతించేవాళ్లు తీరిక సమస్యకు సాంకేతిక పరిష్కారం దొరికిందంటున్నారు. వ్యతిరేకించేవాళ్లు యంత్రం మనిషి ఆలోచనను మింగేస్తుందంటున్నారు. రెండు వాదాల్లోనూ చరిత్ర లేదు. పదిమంది మాట్లాడినదాన్ని ఒకరు చదివి, కుదించి, మరొకరికి చెప్పే పని యంత్రంతో మొదలైంది కాదు. దాని వెనక కనీసం నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో జల్లెడ ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో, ఆ చేతి నుంచి మరో చేతికి ఎలా పోయిందో చూడకుండా ఇవాళ్టి యంత్రం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పబూనడం గాలిలో కర్ర తిప్పడమే అవుతుంది.

1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ ప్రభుత్వానికొక చిక్కు వచ్చిపడింది. దేశభాషల్లో పత్రికలు పెరుగుతున్నాయి. వాటిలో ఏం రాస్తున్నారో తెలియాలి. తెలుసుకోవలసిన అధికారులకు ఆ భాషలు రావు. వచ్చిన ఒకరిద్దరికీ అన్ని పత్రికలూ చదివే తీరిక లేదు. (ఇవాళ మనకు చెబుతున్న కారణం కూడా ఇదేనని పాఠకులు గమనించే ఉంటారు.) దాంతో ప్రభుత్వ అనువాదకుల చేత ఈ పత్రికలను చదివించి, ఇంగ్లీషులో సారాంశాలు రాయించి, 'నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్టులు' అనే పేరుతో రహస్యంగా అచ్చువేసి పై అధికారులకు పంపే ఏర్పాటు జరిగింది. మద్రాసు రాజధానిలో 1870ల నుంచీ తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ పత్రికలు ఈ జల్లెడలో పడ్డాయి. నెల్లూరులోనో బందరులోనో ఒక సంపాదకుడు తన ఊరి మున్సిపాలిటీ గురించి రెండు పేజీలు రాస్తే, సెయింట్ జార్జి కోటలోని దొర చదివేది దానిమీద నాలుగు వాక్యాల ఇంగ్లీషు ముక్క. రాసిన సంపాదకుడు మాత్రం ఆ ముక్కను ఎన్నడూ చూడలేదు. తన మాటను సరిగా కుదించారా లేదా అని అడిగే హక్కు అతనికి లేదు సరే, కుదించారన్న సంగతే అతనికి అధికారికంగా తెలియదు.

ఈ సారాంశాలు ఊరికే ఫైళ్లలో పడి ఉండలేదు. 1878లో లిట్టన్ దేశభాషా పత్రికల చట్టం తెచ్చినప్పుడు, దేశభాషా పత్రికలు రాజద్రోహాన్ని నూరిపోస్తున్నాయనడానికి సాక్ష్యంగా చూపింది ఇలా ఏరి పెట్టిన ముక్కలనే. వందల పేజీల్లోంచి వాళ్లకు పనికొచ్చే ముక్కలు ఏరితే ఏ దేశపు పత్రికలైనా అలాగే కనిపిస్తాయి. మద్రాసు రాజధానికి ఆ చట్టం వర్తించలేదు కాని, సారాంశాల పని ఇక్కడ కూడా ఆగలేదు. 1908లో తిలక్ మీద బొంబాయి హైకోర్టులో విచారణ జరిగినప్పుడు ఈ సమస్య బాహాటంగా బయటపడింది. 'కేసరి'లో తాను మరాఠీలో రాసిన వ్యాసాలకు ప్రభుత్వ అనువాదకుడు చేసిన ఇంగ్లీషు అనువాదం తప్పుల తడక అని తిలక్ వాదించాడు. మాట మాటనూ ఎత్తి చూపాడు. జ్యూరీలో ఉన్న తొమ్మిదిమందిలో ఏడుగురు ఐరోపావాళ్లు. మూలం చదవలేనివాళ్లు మూలం మీద తీర్పు చెప్పారు. ఏడుగురు నేరస్తుడన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆరేళ్లు మాండలే. అదే ఏడాది మన బెజవాడ 'స్వరాజ్య' సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు కూడా రాజద్రోహ నేరం మీద జైలుకు పోయాడు.

ఈ రిపోర్టులలో మరో సంగతి ఉంది. ఆనాటి పత్రికల సంచికలు చాలావరకు చెదలపాలైపోయాయి, రిపోర్టులు మాత్రం ప్రభుత్వ భాండాగారాల్లో భద్రంగా ఉన్నాయి. మన పరిశోధకులు ఆనాటి తెలుగు సంపాదకుడు ఏమన్నాడో తెలుసుకోవడానికి అతన్ని అనుమానంతో చదివిన ఇంగ్లీషు ముక్కను తీసుకుని మళ్లీ తెలుగులోకి అనువదించుకుంటున్నారు. మూలం పోయి సారాంశం మిగిలితే చరిత్ర ఎవరి కళ్లతో రాయవలసివస్తుందో దీనివల్ల తెలుస్తుంది.

ఇక యంత్రం దగ్గరకు వద్దాం. 1958లో ఐబిఎం సంస్థలో పనిచేసే హాన్స్ పీటర్ లూన్ అనే ఇంజనీరు, వ్యాసాల సారాంశాన్ని కంప్యూటర్ చేత తీయించే పద్ధతిని ప్రకటించాడు. పద్ధతి చాలా తేలిక. వ్యాసంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో యంత్రం లెక్కపెడుతుంది. 'మరియు', 'ఇది', 'అది' వంటి మరీ తరచుగా వచ్చే మాటలను వదిలేస్తుంది. మరీ అరుదుగా వచ్చే మాటలను కూడా వదిలేస్తుంది. మధ్యలో మిగిలినవి ముఖ్యమైన మాటలు. అవి గుంపుగా ఉన్న వాక్యాలను ఏరి వరసగా పేరిస్తే అదే సారాంశం. మనిషి సారాంశం రాస్తే అతని అభిరుచి, నేపథ్యం, ఆ పూట మనసు ఎలా ఉందన్నది కూడా అందులో చొరబడతాయని, యంత్రానికి ఆ బెడద లేదని లూన్ చెప్పాడు. సారాంశానికి నిష్పాక్షికత అనే బిరుదు తగిలించడం ఇక్కడ మొదలైంది.

లూన్ విజ్ఞానశాస్త్ర వ్యాసాలను దృష్టిలో పెట్టుకున్నాడు. వాటికి ఆ పద్ధతి కొంత పనికొచ్చింది కూడా. కాని దాన్నే మనుషుల చర్చకు వర్తింపజేసి చూడండి. ఒక రైతుసభలో ముప్ఫైమంది నీటితీరువా గురించి మాట్లాడి, ఒక ముసలమ్మ మాత్రం లేచి తన కొడుకును ఏ రాత్రి ఎవరు తీసుకుపోయారో చెప్పిందనుకుందాం. లూన్ లెక్కలో ఆ రాత్రి ఉండదు. అది ఒక్కసారే వచ్చిన మాట. ఇవాళ్టి భాషా నమూనాలు ఇలా లెక్కపెట్టవన్నది నిజమే. అవి అపారమైన రాతను మింగి, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశముందో నేర్చుకున్నవి. లూన్ యంత్రం కంటే ఎన్నోరెట్లు నేర్పరులు. అయినా నలుగురూ అనే మాటవైపు, నలుగురూ అనే తీరువైపు మొగ్గడం వాటి పుట్టుకలోనే ఉంది.

చర్చావేదికల చరిత్ర వేరే దారిలో నడిచింది. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు టెలిఫోన్ తీగ మీదుగా సందేశాలు పంపుకునే యూజ్‌నెట్‌ను తలపెట్టారు. మరుసటి ఏడాది అది పనిచేయడం మొదలైంది. దానికి యజమాని లేడు. ప్రతి విశ్వవిద్యాలయం తన దగ్గరకు వచ్చిన సందేశాలను దాచుకుని పక్కవాళ్లకు అందించేది. నాలుగైదేళ్లలోనే సందేశాలు చదవలేనంతగా పెరిగాయి. 'చదివే తీరిక లేదు' అనే ఫిర్యాదు అప్పుడే పుట్టింది. 1984లో లారీ వాల్ రాసిన చదువరి ప్రోగ్రాంలో 'కిల్ ఫైల్' అనే సదుపాయం ఉండేది. ఎవరి రాతలు మనకు వద్దో, ఏ విషయం మనకు విసుగో ఆ ఫైలులో రాసుకుంటే ఆ సందేశాలు మనకు కనిపించవు. మిగతావాళ్లకు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. పేరు మోటుగా ఉన్నా పద్ధతి ప్రజాస్వామికమైనది. జల్లెడ పాఠకుడి ఇంట్లో ఉంది. దాని కన్నాలు ఎంత పెద్దవో అతనికి తెలుసు. రేపు మనసు మారితే ఒక పంక్తి చెరిపేసుకోవచ్చు.

యూజ్‌నెట్‌లో తెలుగువాళ్లు కూడా ఉండేవారు. 1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో, కంపెనీల్లో చేరిన మనవాళ్లు ఒక తెలుగు బృందంలో కలుసుకుని సినిమా దగ్గర్నుంచి ఛందస్సు దాకా వాదించుకున్నారు. తెలుగు లిపి కంప్యూటర్ మీద ఇంకా కుదురుకోని కాలం కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాశారు. అందుకు రైస్ విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతి కూడా తయారైంది. అందరూ దాన్ని పాటించలేదు. ఒకే మాటను నలుగురు నాలుగు రకాలుగా రాసేవారు. లూన్ యంత్రానికి ఆ చర్చను ఇస్తే అది ఒక్క మాటను నాలుగు మాటలుగా లెక్కించి, నాలుగూ అరుదైనవేనని పారేసేది.

తరువాతి మెట్టు తోటి పాఠకుల చేతికి జల్లెడ ఇవ్వడం. 1992లో జెరాక్స్ పరిశోధనశాలవాళ్లు ఉత్తరాల వెల్లువను వడకట్టడానికి తోటివాళ్ల అభిప్రాయాలను వాడుకోవచ్చని చూపించారు. 1994లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం, ఎంఐటి పరిశోధకులు 'గ్రూప్‌లెన్స్' అనే ఏర్పాటు చేశారు. యూజ్‌నెట్ సందేశం చదివినవాళ్లు దానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేస్తారు. గతంలో నా అభిప్రాయంతో కలిసినవాళ్లు దేన్ని మెచ్చారో దాన్నే యంత్రం నాకు ముందు చూపిస్తుంది. ఆలోచన మంచిదే. కాని రెండేళ్లు తిరగకముందే, 1996లో, ఆ పరిశోధకులే నెట్ పర్సెప్షన్స్ అనే కంపెనీ పెట్టారు. చర్చను వడకట్టడానికి పుట్టిన పద్ధతి ఏ కొనుగోలుదారుకు ఏ సరుకు చూపించాలో చెప్పే పద్ధతిగా మారి అంగడికెక్కింది.

ఈ దశలో నాకు ముచ్చటగొలిపేది స్లాష్‌డాట్ ప్రయోగం. కంప్యూటర్ పనివాళ్ల చర్చావేదిక అది. 1997లో మొదలైంది. అక్కడ క్రమం తప్పకుండా వచ్చే పాఠకుల్లోంచి కొందరికి లాటరీ పద్ధతిలో తాత్కాలికంగా మధ్యవర్తి హోదా దక్కేది. చేతికి ఐదు పాయింట్లు, మూడు రోజుల గడువు. వ్యాఖ్యను ఒక మెట్టు పైకి ఎక్కించవచ్చు, ఒక మెట్టు కిందికి దించవచ్చు. ఎందుకు అన్నది కూడా చెప్పాలి: ఆలోచింపజేసేదా, సమాచారమున్నదా, హాస్యమా, కయ్యానికి కాలు దువ్వడమా? తాను పాల్గొన్న చర్చలో తీర్పు చెప్పకూడదు. 1999లో మరో అడుగు వేశారు. మధ్యవర్తుల తీర్పులు న్యాయంగా ఉన్నాయో లేదో చూసే పని మరికొందరు పాఠకులకు అప్పగించారు. కిందికి దించిన వ్యాఖ్య మాయమైపోదు, కావాలనుకున్నవాడు అట్టడుగు మెట్టుదాకా తెరుచుకుని చదువుకోవచ్చు. ఇది ఆదర్శ సమాజమేమీ కాదు. ఆలస్యంగా రాసిన మంచి వ్యాఖ్య ఎవరి కంటా పడకుండా పోవడం అక్కడ మామూలే. మగవాళ్ల గుంపు, పైగా ఇంగ్లీషు గుంపు. కాని నియమాలు అందరికీ తెలుసు.

2009 తరువాత కథ మారింది. ఫేస్‌బుక్ వంటి కంపెనీలు చర్చావేదికకే కాక జల్లెడకు కూడా యజమానులయ్యాయి. ఏది పైకి రావాలో నిర్ణయించే లెక్క వ్యాపార రహస్యమైంది. 2017లో ఫేస్‌బుక్ కోపాన్ని తెలిపే బొమ్మతో సహా ఉద్వేగ చిహ్నాలకు మామూలు 'లైక్' కంటే ఐదురెట్ల విలువ కట్టిందన్న సంగతి 2021లో ఆ కంపెనీ లోపలి పత్రాలు బయటపడితే గాని లోకానికి తెలియలేదు. మూడు నాలుగేళ్లపాటు కోట్లమంది చర్చించుకునే తీరును ఒక అంకె మలచింది. ఆ అంకెను చర్చించే అవకాశం వాళ్లలో ఒక్కరికీ లేదు.

ఈ దశకు హైదరాబాదుతో సంబంధం ఉంది. యంత్రం తనంత తానే వడకట్టడం నేర్చుకోదు. మనిషి కూర్చుని ఇది ఫలానా, అది ఫలానా అని లక్షలసార్లు చూపిస్తే అది నేర్చుకుంటుంది. 2019 మేలో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టిన కథనం ప్రకారం, హైదరాబాదులో విప్రో కింద కాంట్రాక్టు మీద పనిచేసే 260 మంది వరకు ఉద్యోగులు 2014 నుంచి ఫేస్‌బుక్‌లో జనం పెట్టిన రాతలనూ ఫొటోలనూ లక్షల సంఖ్యలో చదివి వర్గీకరించారు. విషయమేమిటి, సందర్భమేమిటి, రాసినవాడి ఉద్దేశమేమిటి అని ఒక్కొక్కదానికి చీటీలు అంటించారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, జెన్‌ప్యాక్ట్ హైదరాబాదు కార్యాలయంలో అభ్యంతరకరమైన పోస్టులను పరిశీలించేవాళ్ల గురించి కూడా ఆ సంస్థే రాసింది. ఎనిమిది గంటల షిఫ్టులో సగటున 2,000 పోస్టులు, అంటే నిమిషానికి దాదాపు నాలుగు. అందులో నెత్తురు, ఆత్మహత్యలు, పిల్లలమీద అత్యాచారాలు.

ఒక మనిషి పదిహేను సెకండ్లలో తేల్చిన ఉద్దేశాల గుట్టలోంచి యంత్రం 'ఉద్దేశం' అంటే ఏమిటో నేర్చుకుంటుంది. కృత్రిమ మేధ అంటున్నదానిలో ఇటువంటి శ్రమ ఎంత దాగి ఉందో దాన్ని పొగిడేవాళ్లు చెప్పరు, తిట్టేవాళ్లు అడగరు. వందేళ్ల కిందటి ప్రభుత్వ అనువాదకుడికీ ఈ కాంట్రాక్టు ఉద్యోగికీ ఒక పోలిక ఉంది. ఇద్దరూ తమవాళ్ల మాటను చదివింది పైవాడి కోసం, పైవాడు గీసిన గళ్లలో పూరించడానికి. తేడా కూడా ఉంది. అనువాదకుడికి ప్రభుత్వోద్యోగం, పింఛను ఉండేవి.

ఇవాళ్టి భాషా నమూనాల దశలో ఇంకో మార్పు జరిగింది. ఇప్పుడు చర్చ స్వయంగా సరుకైంది. 2024 ఫిబ్రవరిలో రెడ్డిట్ తన వేదిక మీది చర్చలను కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడం కోసం గూగుల్‌కు అప్పగించిందని, దాని విలువ ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్లని వార్త వచ్చింది. ఆ చర్చలు రాసినవాళ్లకు దమ్మిడీ రాలేదు. వాటిని ఏళ్ల తరబడి జీతం లేకుండా సంస్కరించిన మధ్యవర్తులకూ రాలేదు. 2024 మేలో స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల వేదిక ఓపెన్ఏఐతో ఒప్పందం చేసుకున్నప్పుడు కొందరు సభ్యులు నిరసనగా తమ పాత జవాబులను తామే చెరిపేసుకోబోయారు. వేదిక ఆ జవాబులను తిరిగి పెట్టి, చెరిపినవాళ్లను కొంతకాలం బహిష్కరించింది. దున్నినవాడికి తన పంటను తగలబెట్టుకునే హక్కు కూడా లేదని తేలింది.

సిద్ధాంతం చాలు, ఒక అనుభవం చెబుతాను. మా చిన్న బృందంలో ఒక కథ మీద చర్చ జరిగింది. కథకుడు దళితవాడ మాటను కథనంలో కూడా వాడాడు, సంభాషణల్లోనే కాదు. అది ఉండాలా వద్దా అన్నది వాదం. ఎనభైకి పైగా సందేశాలు వచ్చాయి. ఒక మిత్రుడు దాన్నంతా ఒక యంత్రానికిచ్చి సారాంశం తీయించాడు. నేను మూలాన్నీ సారాంశాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. వాదాల వరస చక్కగా కుదిర్చింది. ఎవరు ముందు ఏమన్నారో తికమకపడలేదు. అంతవరకు దాన్ని మెచ్చుకోవాలి. కాని ఒక పెద్దాయన ప్రామాణిక భాష గురించి ధర్మోపన్యాసం చేస్తే దానికి ఒకాయన "బాగా సెలవిచ్చారు!" అని జవాబిచ్చాడు. యంత్రం దాన్ని సమర్థన కింద జమకట్టింది. తెలుగు తెలిసిన పదేళ్ల పిల్లవాడు కూడా ఆ మాట దెబ్బను పోల్చుకుంటాడు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. చర్చ మొత్తంలో ఒకే ఒక్క సందేశం రాసిన మిత్రురాలొకామె, చిన్నప్పుడు బడిలో తన ఇంటిమాటకు పంతులు వేసిన శిక్ష గురించి చెప్పి, 'మీరు శైలి అంటున్నది నాకు దెబ్బ' అంది. ఆ తరువాత చర్చ మలుపు తిరిగింది. సారాంశంలో ఆమె లేదు. 'కొందరు సభ్యులు వ్యక్తిగత అనుభవాలను పంచుకున్నారు' అన్న వాక్యం ఉంది.

కావాలని చేసిన పక్షపాతమని నేననడం లేదు. సారాంశం తీసేవాడు ముందుగా చర్చ దేని గురించో నిర్ణయించుకుంటాడు. చర్చ శైలి గురించి అనుకుంటే ఆమె మాట పక్కదారి. శిక్ష గురించి అనుకుంటే మిగతా సందేశాలన్నీ పక్కదారి. ఈ నిర్ణయం రాజకీయమైనది. దాన్ని యంత్రం చేసినప్పుడు చేసినట్టే కనిపించదు, అదే ఇబ్బంది.

మరో దారి లేదా? తైవాన్‌లో 2015లో ఉబర్ టాక్సీల మీద విధానం రూపొందించేటప్పుడు 'పోలిస్' అనే సాధనాన్ని వాడారు. అందులో ఎవరైనా ఒక వాక్యం రాయవచ్చు. ఇతరుల వాక్యాలతో ఏకీభవిస్తున్నామో లేదో చెప్పవచ్చు. ఎదురు జవాబు రాసే వీలు మాత్రం లేదు. యంత్రం ఆ ఓట్లను బట్టి జనం ఏయే జట్లుగా చీలారో పటం గీస్తుంది, జట్లన్నిటికీ ఉమ్మడిగా ఆమోదమైన వాక్యాలేవో చూపిస్తుంది. ఇక్కడ యంత్రం ఎవరి మాటనూ తిరగరాయలేదు. మనుషుల వాక్యాలు మనుషులవిగానే ఉన్నాయి, చిన్న జట్టు కూడా పటంలో చోటు సంపాదించుకుంది. ఫలితాన్ని పాటించి తీరాలన్న కట్టుబాటు ప్రభుత్వానికి లేకపోవడం దాని బలహీనత. జవాబు చెప్పుకునే వీలు లేని చోట వాదం పదునెక్కదన్నది నా సొంత అభ్యంతరం. అయినా యంత్రం అనగానే ఒకే రకం జల్లెడ అనుకోనక్కరలేదనడానికి ఇది రుజువు.

మూలాన్ని దాచుకోవడం గురించి కూడా ఒక మాట. 'రచ్చబండ' వంటి తెలుగు సాహిత్య బృందాలు ఏళ్ల తరబడి యాహూ గ్రూపుల్లో చర్చించుకున్నాయి. 2019లో యాహూ కొద్ది వారాల గడువు ప్రకటించి, ఆ తరువాత ఆ గ్రూపుల్లోని పాత సందేశాలను చెరిపేసింది. ఎవరి ఈమెయిల్ పెట్టెలో మిగిలినవి వాళ్లకే మిగిలాయి. యూజ్‌నెట్ పాత సందేశాలు 2001లో గూగుల్ చేతికి వచ్చాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ కొత్త సందేశాలను తీసుకోవడం మానేసింది. పాతవి ఇంకా చదువుకోవచ్చు. తెలుగు బృందం వాదాలు కూడా వాటిలో ఉన్నాయి. ఎవరైనా ఓపికగా తెలుగు లిపిలోకి మార్చి అచ్చువేస్తే మన విమర్శ చరిత్రలో ఒక అధ్యాయం నిలుస్తుంది.

మా బృందం ఆ చర్చ నివేదికను ఈ విధంగా తయారుచేసింది. యంత్రం ఇచ్చిన సారాంశాన్ని చిత్తుప్రతిగా తీసుకున్నాం. ప్రతి వాక్యం పక్కనా అది ఏ సందేశం నుంచి వచ్చిందో దాని సంఖ్య వేశాం. ఆధారం దొరకని మూడు వాక్యాలు కొట్టేశాం. ఎవరి మాటను కుదించామో వాళ్లకు ముందుగా పంపి, సవరణలు తీసుకున్నాం. "బాగా సెలవిచ్చారు" అన్నాయన తన మాటను ఏ జాబితాలోనూ వేయవద్దన్నాడు, తీసేశాం. ఎనభై సందేశాల పూర్తిపాఠం ముగ్గురి దగ్గర మూడు ప్రతులుగా ఉంది. మిత్రురాలి సందేశం మాత్రం కుదించకుండా ఆరో పేజీలో అచ్చయింది. దానిమీద ఇంకా ఉత్తరాలు వస్తున్నాయి.